పుండు, పథ్యము, పరీక్ష

"లంఖణం పరమౌషధం" అను మాట మన పల్లెటూళ్లలో అక్షరము రాని ముసలమ్మలకు కూడ తెలియును. మా యింట ఆ మాటకు మరికొంత గౌరవము ఎక్కువ. రంజాను నెల అంతయు ఉపవాసముండుట మాకు చిన్ననాటి నుండి అలవాటు. కడుపులో ఏ కొద్ది బాధ కలిగినను ఒక పూట అన్నము మానుట దానికి తోడైన అలవాటు. అట్టి యింటిలోనే ఉపవాసము, మందు, మౌనము మూడును ఒక్కచోట కలిసి మా తండ్రిగారి ప్రాణము మీదికి తెచ్చినవి. ఆ వృత్తాంతమును, దాని మూలమున కడుపులోని పుండును గురించియు, దానికి ఆయుర్వేదము చూపిన మార్గమును గురించియు మేము తెలిసికొన్న సంగతులను విద్యార్థి మిత్రుల ముందుంచుచున్నాము.

మేము అబ్బా అని పిలుచుకొను మా తండ్రిగారు కర్నూలులో దర్జీ. కుట్టుమిషను తొక్కి తొక్కి ఆయన మోకాళ్లు, నడుము అరిగిపోయినవి. 2016 చలికాలములో, ఆయనకు ఏబది యేడు దాటిన తరువాత, రొమ్ము ఎముకకు దిగువగా ఒక మంట మొదలైనది. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి కూర్చుండెడివారు. రెండు బిస్కత్తులు తిని గ్లాసెడు పాలు త్రాగినచో తగ్గెడిది. మధ్యాహ్నము భోజనము చేసిన మూడు గంటలకు మరల వచ్చెడిది. "ఈ వయసులో ఆకలి పెరిగిందిలే" అని ఆయన నవ్వెడివారు. ఆయన నవ్వుచున్నారు గనుక మేమును నవ్వితిమి.

చివరకు అమ్మీ పట్టుబట్టి ఆయనను మా వీధి చివరనున్న వైద్యులవారి వద్దకు పంపినది. ఆయన ఆయుర్వేద కళాశాలలో చదివి పట్టా పుచ్చుకొన్నవారు. వారి తండ్రిగారికిని మా తాతగారికిని గల స్నేహము వలన మా యింటి జ్వరములన్నియు ఆ యింటి గడప ఎక్కి దిగినవే. వైద్యులవారు నాడి చూచినారు, నాలుక చూచినారు, పిమ్మట ఒకే ప్రశ్నను మార్చి మార్చి అడిగినారు: నొప్పి తినగానే వచ్చునా, తిన్నది అరుగునప్పుడు వచ్చునా, అరిగిన తరువాత వచ్చునా?

ఆ ప్రశ్నకు వెనుక పన్నెండు వందల ఏండ్ల శాస్త్రమున్నదని మాకు పిమ్మట తెలిసినది. సుమారు ఏడెనిమిది శతాబ్దముల నాటి మాధవకరుడు తన నిదాన గ్రంథములో కడుపునొప్పులను విడదీసి చెప్పినాడు. అన్నము జీర్ణమగు వేళ వచ్చునది పరిణామశూల. తిన్నను తినకున్నను, పథ్యము చేసినను చేయకున్నను విడువనిది అన్నద్రవశూల. పుల్లని త్రేన్పులతో, గుండెలో మంటతో, వికారముతో కూడినది అమ్లపిత్తము. నేటి ఆయుర్వేద పండితులు పరిణామశూలను చిన్న ప్రేగు మొదటి భాగమున పుట్టు పుండుతోను, అన్నద్రవశూలను జీర్ణాశయములోని పుండుతోను పోల్చుచుందురు. కడుపులోనికి కెమెరా పంపు సాధనము లేని కాలమున, నొప్పి వచ్చు వేళను బట్టి వ్యాధిని గుర్తింపజూచిన ఆ బుద్ధికి మనము నమస్కరింపవలసినదే.

మన కళాశాల పత్రిక ఉర్దూ తెలుగు భాషల రెండింటిది గనుక ఇచట ఒక్క మాట చెప్పుట ఉచితము. అబ్బాసీ ఖలీఫాల కాలమున, 850 ప్రాంతములో అలీ ఇబ్న్ సహ్ల్ రబ్బాన్ అత్తబరీ అను వైద్యుడు "ఫిర్దౌసుల్ హిక్మా" అను గ్రంథమును అరబ్బీలో రచించినాడు. అందు చివరి భాగమున హిందూ దేశపు వైద్యమును వివరించుచు చరకుని, సుశ్రుతుని, అష్టాంగహృదయమును, ఈ నిదాన గ్రంథమును పేర్కొన్నాడు. యూనానీ హకీములు అస్లుస్సూస్ అనునదియు, మా అమ్మీ ములేఠీ అనునదియు, వైద్యులవారు యష్టిమధువు అనునదియు, బజారులో అతిమధురమని అమ్ముడుపోవునదియు ఒకే వేరు. పేరు మారినది గాని తీపి మారలేదు.

ఆ వేరునే వైద్యులవారు మొదట వ్రాసినారు. ఆయన చెప్పిన తర్కము సులభముగనే బోధపడినది. పిత్తము ఉష్ణము, తీక్ష్ణము, పులుపు గలది. అది పెరిగినప్పుడు తీపి, చేదు, వగరు అను మూడు రుచులు దానిని శమింపజేయును. పులుపు, ఉప్పు, కారము పెంచును. పులుపు పిత్తమును పెంచునను నియమమునకు ఉసిరిక, దానిమ్మ మినహాయింపులు. ఈ తర్కము ననుసరించి అతిమధురపు చూర్ణము పాలతోను, భోజనమునకు ముందు అవిపత్తికర చూర్ణమును ఇచ్చినారు. అబ్బా ముఖము పాలిపోయి యుండుట గమనించి ధాత్రీలోహమును కూడ చేర్చినారు. అది ఉసిరిక, అతిమధురము, లోహభస్మము కలిసిన మందు. పరిణామశూలకు పూర్వులు వాడినది. "ఇందులో ఇనుము ఉంది, విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి" అని ముందే చెప్పి పంపినారు. ఆ మాటను మేము గట్టిగా గుర్తుంచుకొంటిమి. ఎంత గట్టిగా అనగా, అదియే మమ్ము ముంచబోయినది.

మందు కన్న పథ్యము ఎక్కువ అన్నారు వైద్యులవారు. పాతబియ్యపు అన్నము, పెసరకట్టు, బూడిదగుమ్మడి, పొట్లకాయ, కొద్దిగా నెయ్యి. మినుములు, ఉలవలు, నువ్వులు, ఊరగాయ, చింతపండు పులుసు వలదు. వేళకు తినవలెను, కడుపు ఖాళీగా ఉంచరాదు, రాత్రి మేలుకొనరాదు. రాయలసీమ యింటిలో మిరపకాయ లేని కూర వండుట అమ్మీకి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అయినను రెండు నెలలు వండినది. మా అందరికిని అదే వడ్డించినది, అబ్బా ఒక్కరికే చప్పిడి కూడు పెట్టుటకు ఆమెకు మనసొప్పలేదు. అబ్బాకు రాత్రి మంట తగ్గినది, నిద్ర పట్టినది. ఆయుర్వేదము గెలిచినదని మేము సంతోషించితిమి.

మొదటినాడే వైద్యులవారు మరియొక ప్రశ్న అడిగియుండిరి: "వేరే మందులేమైనా వాడుతున్నారా సాయెబుగారూ?" అబ్బా లేదన్నారు. అది అబద్ధమని ఆయనకు తోచలేదు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో విడిగా కొని, చొక్కా జేబులో ఉంచుకొని, దినమునకు రెండుసార్లు టీతో మ్రింగెడు మాత్రలు కడుపునకు సంబంధించినవి కావని ఆయన నమ్మకము. మాకును ఆ మాత్రల సంగతి తెలియును. మేమును చెప్పలేదు.

2017లో రంజాను మండు వేసవిలో, మే నెలాఖరున మొదలైనది. తెల్లవారకమునుపే మొదలై పదునాలుగు గంటలకు పైబడిన ఉపవాసము. వైద్యులవారు ముందుగనే కబురంపినారు: "ఈ ఏడు రోజాలు ఉండవద్దు. లంఖణం అందరికీ ఔషధం కాదు." ఆ మాటయు శాస్త్రమునకు విరుద్ధము కాదు. చరకసంహిత సూత్రస్థానములో ఎవరికి లంఘనము తగును, ఎవరికి పుష్టినిచ్చు బృంహణము తగును అని విడదీసి చెప్పుటకు ఒక అధ్యాయమే కలదు. మన ధర్మమును అట్లే చెప్పుచున్నది. వ్యాధిగ్రస్తులకును ప్రయాణికులకును ఉపవాసమునుండి సడలింపు ఇచ్చి, తరువాతి దినములలో పూర్తి చేసికొనవచ్చునని ఖుర్ఆనులోని బఖరా అధ్యాయమున స్పష్టముగా ఉన్నది. మేము ఆ సంగతి చెప్పితిమి. "నలభై ఏళ్లుగా ఒక్క రోజా విడువలేదు, ఇప్పుడు బిస్కత్తు తింటూ కూర్చోమంటారా?" అన్నారు అబ్బా. తండ్రికి ఎదురుచెప్పుట మా యింట లేదు. ఊరకుంటిమి.

రంజాను వచ్చినదనగా దర్జీకి పండుగ పని. రాత్రులు మిషను ఆగదు. పగలు మ్రింగరాదు గనుక సహరీకి ఒకటి, ఇఫ్తారుకు ఒకటి చొప్పున నొప్పిమాత్రలు సాగినవి. ఇఫ్తారులో బజ్జీలును సాగినవి. పదునారవ రోజానుండి విరేచనము నల్లబడినది. ధాత్రీలోహపు నలుపే అనుకొన్నారు అబ్బా, మాకు చెప్పను కూడ చెప్పలేదు. పందొమ్మిదవ రోజా నాటి రాత్రి తరావీహ్ నమాజులో నిలుచున్నవారు నిలుచున్నట్లే కూలబడినారు. చల్లని చెమట, తెల్లబడిన పెదవులు. ఎండదెబ్బ అన్నారు కొందరు, ఉపవాసపు నీరసమన్నారు మరికొందరు.

మేము పరుగెత్తి వైద్యులవారిని తెచ్చితిమి. ఆయన కంటి రెప్ప లాగి చూచి, నాడి పట్టి, అడిగిన మొదటి మాట విరేచనమును గురించియే. నల్లగా ఉన్నదనగానే, "ఎట్టి నలుపు? ఇనుపమందు నలుపు అంటుకోదు, వాసన మారదు. ఇది తారులాగా జిగటగా ఉందా? కుళ్లు కంపు ఉందా?" అని అడిగినారు. అబ్బా తల ఊపినారు. "లోపల నెత్తురు కారుతోంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకుపొండి. చూర్ణం, భస్మం అని నన్ను అడగవద్దు" అని ఆయనే ఆటో పిలిచి, మాతోపాటు ఎక్కి కూర్చున్నారు.

ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ ఆరున్నర అన్నారు. రెండు సీసాల రక్తము ఎక్కించినారు. మరునాడు ఎండోస్కోపీ చేసి, చిన్న ప్రేగు మొదటి భాగములో పుండును, అందు రక్తనాళపు మొనను కనుగొని, ఆ గొట్టము ద్వారానే రక్తమును కట్టివేసినారు. జీర్ణాశయపు పొరనుండి చిటికెడు ముక్క తీసి పరీక్షించగా హెలికోబాక్టర్ పైలోరి అను క్రిమి ఉన్నట్లు తేలినది. అబ్బా చొక్కా జేబులోని మాత్రలు అచటనే బయటపడినవి.

రెండవ దినము వైద్యులవారు చూడవచ్చినప్పుడు ఆ మాత్రల పట్టీని చేతిలోనికి తీసికొని చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నాడి చూశాను గానీ మీ జేబు చూడలేదు సాయెబుగారూ. విరేచనం నల్లబడుతుందని చెప్పాను గానీ ఎట్టి నలుపు చెడ్డదో చెప్పలేదు. తప్పు నాది కూడా" అన్నారు. తప్పు ఆయన ఒక్కరిది కాదని మాకు తెలియును. అడిగిన ప్రశ్నకు సమాధానము దాచినవారము మేము.

నొప్పిమాత్రకును కడుపు పుండునకును గల సంబంధమును అచటి యువ డాక్టరు ఓపికతో వివరించినారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు శరీరములో ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని ఆపుట ద్వారా నొప్పిని తగ్గించును. ఈ రహస్యమును 1971లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ వేన్ కనుగొనగా 1982లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. కాని ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయపు గోడను ఆమ్లమునుండి కాపాడు జిగురు పొరకు ఆధారము. మాత్ర మోకాలిని ఓదార్చుచు కడుపును నిరాయుధము చేయును. క్రిమియు, ఈ మాత్రయు ఒకే కడుపులో చేరినచో ప్రమాదము మరింత పెరుగును.

ఇక ఆ క్రిమి కథ. "ఆమ్లము లేనిదే పుండు లేదు" అని 1910లో కార్ల్ ష్వార్జ్ అను శస్త్రవైద్యుడు చెప్పిన సిద్ధాంతమును పాశ్చాత్య వైద్యులు డెబ్బది ఏండ్లు నమ్మినారు. 1915లో అమెరికాకు చెందిన సిప్పీ అను వైద్యుడు గంట గంటకు పాలు, మీగడ ఇచ్చు పద్ధతిని ప్రచారము చేసినాడు. అబ్బా అర్ధరాత్రి పాలగ్లాసునకు అదియొక దూరపు చుట్టము. పాలు ఆ క్షణమున హాయినిచ్చినను పిదప ఆమ్లమును ఊరించునని అనంతరము తేలినది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను ఇద్దరు ఈ క్రిమిని పెంచుటకు ఎన్నో మార్లు విఫలులైరి. 1982లో ఈస్టరు సెలవుల వలన గాజుపళ్లెములు అదనముగా కొన్ని దినములు ఉండిపోగా అందు క్రిములు కనబడినవి. ఆమ్లములో ఏ సూక్ష్మజీవియు బ్రతుకదని ఇతరులు నమ్మకుండగా, 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి కడుపు వాపు తెచ్చుకొని నిరూపించినాడు. 2005లో ఇద్దరికిని నోబెల్ బహుమతి వచ్చినది. ప్రపంచములో దాదాపు సగము మంది కడుపులలో ఈ క్రిమి ఉన్నను అందరికిని పుండు పుట్టదు. పుట్టినవారికి మాత్రము క్రిమిని తొలగింపక పుండును మాన్పుట, బొక్క పూడ్చక నీరు తోడుటయే.

అట్లయిన అతిమధురము వట్టిదేనా? కాదు. 1946లో నెదర్లాండ్స్ వైద్యుడు రెవర్స్ ఈ వేరి సారము పుండ్లను మాన్పుచున్నదని ప్రకటించినాడు. కొందరికి ఒడలు వాచుచున్నదనియు గమనించినాడు. ఆ వేరిలోని పదార్థమునుండియే కార్బెనోక్సొలోన్ అను మందు పుట్టి, 1960ల నుండి కొంతకాలము పాశ్చాత్య దేశములలో పుండ్లకు వాడబడినది. శరీరములో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచి, పొటాషియమును తగ్గించు దోషము వలనను, 1976లో సిమెటిడిన్, తరువాత ఒమెప్రజోల్ వంటి మేలైన మందులు వచ్చుట వలనను అది వెనుకబడినది. వేరునకు గుణమును కలదు, దోషమును కలదు. రక్తపోటు ఉన్నవారు దానిని నెలల తరబడి తినరాదు. అట్లే సూతశేఖరరసము వంటి రసౌషధములలో పాదరసముండును. వానిని పట్టా గల వైద్యుని చెప్పుచేతలలో తప్ప సొంతముగా కొని వాడరాదు. ఈ క్రిమిని ఏ చూర్ణమైనను నమ్మకముగా నిర్మూలించునని నేటివరకు రుజువు కాలేదు.

అబ్బాకు పదునాలుగు దినములు ఆమ్లమును తగ్గించు మందు, క్రిమిని చంపు మందులు ఇచ్చినారు. నోరు చేదై, వికారమై, నడుమ మానివేయుదునన్నారు. సగములో మానినచో క్రిమి మొండిదగునని చెప్పి వైద్యులవారే ఆయనచేత పూర్తి చేయించినారు. పథ్యమును మరల మొదలుపెట్టించినారు. తగినంత వ్యవధి ఇచ్చి చేసిన మలపరీక్షలో క్రిమి లేదని తేలినది.

ఒక సాయంకాలము మేము వైద్యులవారిని అడిగితిమి: ఆయుర్వేదము ఓడిపోయినట్లేనా అని. ఆయన నవ్వి, ఆయుర్వేదములో చికిత్సకు మొదటి మెట్టు ఏదని ఎదురు ప్రశ్న వేసినారు. నిదాన పరివర్జనము, అనగా వ్యాధికి కారణమైన దానిని తొలగించుట. సుశ్రుతుడు చికిత్సనంతటిని ఆ ఒక్క మాటలో సంక్షేపించినాడు. "మిరపకాయ కారణం అనుకుని మిరపకాయ మాన్పించాను. కారణం మాత్ర, క్రిమి. ఎండోస్కోపీ చేయించినవాడు ఆయుర్వేదం విడిచినవాడు కాదు, నిదానం వెదికినవాడు" అన్నారు. ఆ మాటతో మాలోని సందేహము తీరినది. మంటను చల్లార్చుట వేరు, మంట పెట్టిన చేతిని పట్టుకొనుట వేరు. మొదటిదానికి పథ్యము గొప్ప సాయము. రెండవదానికి పరీక్ష కావలెను. మొదటిదానితో కలుగు హాయి రెండవదానిని మరపించినప్పుడే అపాయము.

మిత్రులారా, పరీక్షల దినములలో ఉదయపు ఫలహారము మాని, టీలతో రాత్రులు గడపి, తలనొప్పికి చేతికందిన మాత్ర మ్రింగువారు మనలో తక్కువ కాదు. విరేచనము తారువలె నల్లబడినను, వాంతిలో రక్తమో కాఫీ పొడి వంటిదో కనబడినను, కారణము లేక బరువు తగ్గినను, మ్రింగుట కష్టమైనను చూర్ణము కొరకు గాని మాత్ర కొరకు గాని చూడక వెంటనే ఆసుపత్రికి పొండి. వైద్యుడు ఏ పద్ధతివాడైనను, ఆయన అడిగినను అడుగకున్నను, మీరు మ్రింగు ప్రతి మందు పేరును చెప్పుడు. పెద్దలు చెప్పకున్నచో, మర్యాదకు వెనుదీయక మీరే చెప్పుడు.

ఆ సంవత్సరము మిగిలిపోయిన పది రోజాలను అబ్బా డాక్టరు అనుమతి పొంది, పగళ్లు చిన్నవైన చలికాలములో పూర్తి చేసికొన్నారు. నేడు ఆయన చొక్కా జేబులో మాత్రలు లేవు. మడిచిన ఒక చీటీ ఉన్నది. తాను వాడు మందుల పేర్లన్నియు అందు ఒక ప్రక్క ఉర్దూలో తాను వ్రాసికొన్నారు, రెండవ ప్రక్క తెలుగులో మాచేత వ్రాయించినారు. ఏ వైద్యుని వద్ద కూర్చున్నను, నాడి చేతికి ఇచ్చుటకు ముందు ఆ చీటీని తీసి ఇచ్చుచుందురు.